పన్నెండు నిమిషాల మైక్

"ఆదిలాబాద్‌ల ఓపెన్ మైకా? ఎవరొస్తరు బై, ఎవరింటరు?" అని హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునే మా దోస్తులు నవ్వుతారు. వాళ్లను ఏమనాలి? మా ఊరి పేరు టీవీలో ఏడాదికి రెండే సార్లు వస్తుంది. చలికాలంలో టెంపరేచర్ సింగిల్ డిజిట్‌కు పడిపోయినప్పుడు ఒకసారి, ఎండాకాలంలో కాకులు కూడా బయటికి రానప్పుడు ఇంకోసారి. మధ్యలో ఇక్కడి మనుషులు పాటలు కూడా పాడుకుంటారని ఎవరికి తెలుస్తుంది?

కానీ వస్తారు. వింటారు కూడా. వినడం సంగతి కాస్త ఆగి చెప్తా, అదో పెద్ద కథ.

నెలలో రెండో శనివారం, రాత్రి 7 గంటలకు, ఒక కేఫ్ మేడ మీద జరుగుతుంది మా ఓపెన్ మైక్. కేఫ్ పేరు చెప్పను. ఉన్నవే 35 ప్లాస్టిక్ కుర్చీలు, అవి ఇప్పటికే సరిపోవట్లేదు. పైన రేకుల షెడ్డు. వానాకాలంలో రేకుల మోతకు పాట వినపడదు, ఎండాకాలంలో కూలర్ల మోతకు వినపడదు. మాకున్న మంచి సీజన్ దసరా నుంచి శివరాత్రి దాకానే. టికెట్ లేదు. వచ్చినవాళ్లు కనీసం ఒక చాయ్ తాగాలి, 20 రూపాయలు. మెట్ల దగ్గర మేకుకు ఒక లాంగ్ నోట్‌బుక్ వేలాడుతుంటుంది. అందులో ముందు పేరు రాసిన పదిమందికి చాన్స్. ఒక్కొక్కరికి 12 నిమిషాలు. పన్నెండు అయిపోతే కేఫ్ అన్న కౌంటర్ దగ్గర నుంచే స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడతాడు. బాలసుబ్రహ్మణ్యం పాట అయినా సరే, పల్లవి మధ్యలో ఉన్నా సరే, టంగ్ మంటే దిగిపోవడమే.

వచ్చేవాళ్లను చూస్తేనే మా ఊరు అర్థమవుతుంది. రిమ్స్‌లో చదివే మెడికోలు నలుగురైదుగురు ఉంటారు, డ్యూటీ ఉందని సగంలో లేచిపోతారు. బీఈడీ చదివే ఒక చెల్లె బతుకమ్మ పాటలు పాడుతుంది, సీజన్ అయినా కాకున్నా. మరాఠీ అభంగాలు పాడే కిరాణా షాపు కాకా ఉన్నాడు. పెన్‌గంగ దాటితే మహారాష్ట్రే కదా, ఆయన చిల్లర లెక్క కూడా మరాఠీలోనే. ఒక రిటైర్డ్ ఉర్దూ మాస్టారు షాయరీ చదువుతారు, చదివిన ప్రతిసారీ "యే తో కుఛ్ నహీ" అని తనే అనేస్తారు. ఒక్క రాత్రిలో నాలుగు భాషలు అయిపోతాయి. హైదరాబాద్‌లో ఇలాంటిది పెడితే పోస్టర్ మీద మల్టీలింగ్వల్ అని పెద్దక్షరాల్లో రాస్తారు. మాకది సంతలో రోజూ వినే మాటే.

ఈ ఓపెన్ మైక్ అనేది మనకు కొత్త గానీ ప్రపంచానికి పాతది. అమెరికాలో దీన్ని మొదట్లో హూట్ అనేవాళ్లు. న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో గెర్డీస్ ఫోక్ సిటీ అనే చోట సోమవారం రాత్రుళ్లు ఎవరైనా ఎక్కి పాడొచ్చు. 1961లో బాబ్ డిలన్ అనే కుర్రాడు గిటారు, మౌత్ ఆర్గాన్ పట్టుకుని పాడిన జాగాల్లో అదొకటి. తర్వాత 2016లో ఆయనకు సాహిత్యం నోబెల్ వచ్చిందని మీకు తెలిసిందే. నాష్‌విల్‌లో బ్లూబర్డ్ కేఫ్ 1982లో మొదలైంది, ఇప్పటికీ పట్టేది వందలోపు మందే. టేలర్ స్విఫ్ట్ పద్నాలుగేళ్ల వయసులో పాడుతుంటే రికార్డు కంపెనీ పెట్టబోయే మనిషి విన్నది అక్కడే. మన దగ్గరికొస్తే, హైదరాబాద్ బంజారాహిల్స్‌లో లామకాన్ 2010లో తెరిచారు. ఒక ఇంటి ఆవరణ, మధ్యలో పెద్ద బండరాయి, చెట్టు కింద చాయ్ సమోసా. నేనూ ఒకసారి వెళ్లాను. ఆదిలాబాద్ నుంచి 300 కిలోమీటర్లు, రాత్రంతా బస్సులో గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని. కండక్టర్ దాన్ని చూసి "దానికి గూడ టికెటా?" అని జోకేశాడు. అక్కడ పాడినవాళ్లంతా బాగా పాడారు. విన్నవాళ్లలో సగం మంది పాడటానికి వచ్చినవాళ్లే, తమ వంతు కోసం ఎదురుచూస్తున్నవాళ్లే. మా దగ్గర అలా కుదరదు. మా దగ్గర కింద బిర్యానీ పార్శిల్‌కు వచ్చినాయన కూడా మెట్లెక్కి "ఏందిది, ఫంక్షనా?" అని తొంగిచూస్తాడు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తా. నేను జిన్నింగ్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. అక్టోబర్ చివర పత్తి మొదలైతే మార్చి దాకా మాకు ఆదివారం ఉండదు. లారీలు, కాంటా చిట్టీలు, 170 కిలోల బేళ్లు, సీసీఐ లెక్కలు. అంటే మేడ మీద పాటలకు బాగుండే సీజన్, మిల్లులో తల ఎత్తనివ్వని సీజన్ ఒకటే. రెండో శనివారం వస్తే మధ్యాహ్నం నుంచే మేనేజర్ సార్ మొహం చూస్తుంటా. మా బాపుకు గిటార్ మీద పెద్ద కోపం లేదు, పెద్ద ఇష్టమూ లేదు. "డీఎస్సీ నోటిఫికేషన్ వడ్డప్పుడు గా డబ్బ అటక మీద వెట్టు" అంటాడు. దాన్ని డబ్బ అని తప్ప ఇంకో పేరుతో పిలవడు.

ఆ డబ్బ గురించి కొంచెం మాట్లాడాలి, ఎందుకంటే ఆదిలాబాద్‌లో గిటార్ పెంచడం పసిపిల్లను పెంచినట్టే. మీరు మా వైపు రైతుల ఇళ్లల్లో పుట్టినవాళ్లయితే పత్తిలో తేమ గురించి తెలుసు. 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, దాటితే కోత, 12 దాటితే సీసీఐ కొననే కొనదు. గిటార్ చెక్కకూ ఇలాంటి లెక్కే ఉంది, కాకపోతే తిరకాసుగా. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే అది సంతోషంగా ఉంటుంది. మా ఊళ్లో ఏప్రిల్ వస్తే గాలి ఎండుగడ్డిలా అయిపోతుంది. చెక్క బిగుసుకుంటుంది, ఫ్రెట్ల అంచులు బయటికొచ్చి వేలిని గీరుతాయి, తీగలు పట్టి ఉంచే బ్రిడ్జి మెల్లగా పైకి లేస్తుంది. జూలై రాగానే అదే చెక్క ఉబ్బుతుంది. నేను చేసేది ఒక్కటే. సబ్బు డబ్బాకు సూదితో బొక్కలు పొడిచి, తడి స్పాంజి పెట్టి, గిటార్ కేసులో పడేస్తా. యూట్యూబ్‌లో చూపించే ఖరీదైన హ్యూమిడిఫయర్ చేసే పని ఇదీ చేస్తుంది. చలికాలంలో ఇంకో బాధ. ఇంట్లో శ్రుతి చేసి బైక్ మీద కేఫ్ దాకా వెళ్లేసరికి ఆరు తీగలూ ఆరు దిక్కులు చూస్తుంటాయి. అందుకే పది నిమిషాలు ముందే వెళ్లి, కేసు తెరిచి, గిటార్‌ను ఆ గదికి అలవాటు పడనివ్వాలి. తర్వాతే ట్యూనింగ్.

మైక్ సంగతి ఇంకా తమాషా. మా సౌండ్ అన్నది గణేష్ మండపాల సెట్టు. రెండు పెద్ద బాక్సులు, ఒక మిక్సర్, నాలుగు మైకులు. ఆయనకు తెలిసిన సంగీత శాస్త్రం ఒకే ఒక్క నాబ్‌లో ఉంది. దాని పేరు ఎకో. "ఎకో లేకుంటె గొంతు నంగగ ఉంటది తమ్మీ" అంటాడు. మొదటి నెలలో బీఈడీ చెల్లె పాడిన బతుకమ్మ పాట నాగోబా గుట్టల్లో మూడుసార్లు తిరిగొచ్చినట్టు వినపడింది. రెండు నెలలు బతిమాలితే నాబ్ సగానికి దించాడు. ఇప్పుడు కూడా మనం చూడనప్పుడు కొంచెం పెంచుతాడు.

కొత్తగా స్టేజీ ఎక్కేవాళ్లకు పనికొస్తుందని చెప్తున్నా. స్టేజీ మైకుల్లో ఎక్కువ వాటికి తాత లాంటిది 1966లో వచ్చిన ష్యూర్ ఎస్ఎం58. మా సౌండ్ అన్న దగ్గరున్నవి దానికి ఢిల్లీ తమ్ముళ్లు. ఈ రకం మైకు ఎదురుగా వచ్చే శబ్దాన్ని బాగా తీసుకుంటుంది, వెనక వచ్చేదాన్ని వదిలేస్తుంది. ఆ వదిలేసే పని చేసేది జాలీ వెనక ఉన్న సందులే. మనవాళ్లు ర్యాప్ వీడియోలు చూసి జాలీని గుప్పిట్లో మూసి పట్టుకుంటారు. సందులు మూసుకుపోతే మైక్‌కు ముందూ వెనకా ఒకటే, బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకే దూరి కూ... మని కూత పెడుతుంది. ముందు వరసలో ఉన్న ఉర్దూ మాస్టారు చెవులు మూసుకుంటారు. కిందికి, పిడి దగ్గర పట్టుకోండి. మూతికి నాలుగు వేళ్ల దూరం. బాక్సులు మీ ముందు వైపుకు ఉండాలి, వెనక కాదు. ఇంతే. దీనికి కోర్సు అక్కర్లేదు.

ఇక వినేవాళ్లు.

ఓపెన్ మైక్‌లో పాడేవాళ్ల కంటే వినేవాళ్లే కష్టపడతారని నా అభిప్రాయం. మన దగ్గర పాట అంటే ఏదో ఒక పనికి జతగా వచ్చేది. పెళ్లికి బ్యాండ్, వినాయకుడికి డీజే, చావుకు డప్పు, బతుకమ్మకు చప్పట్లు. ఊరికే కుర్చీలో కూర్చుని, ఎవరో ముక్కూమొహం తెలియని పోరడు పాడుతుంటే చేతులు ఒళ్లో పెట్టుకుని వినడం ఎవరికి అలవాటు? మొదటి నెలల్లో "అన్నా, డీజే సాంగ్ కొట్టు" అనే కేక లేకుండా ఒక్క రాత్రి కూడా గడవలేదు. గిటార్‌తో డీజే సాంగ్ ఎట్ల కొడతారో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకాయన నేను పాడుతున్నంతసేపూ ఫోన్‌లో స్పీకర్ పెట్టి క్రికెట్ స్కోర్ విన్నాడు. వికెట్ పడితే ఆయన కొట్టిన చప్పట్లు నాకే అనుకుని పక్కవాళ్లూ కొట్టారు. ఏ చప్పట్లయితేనేం, తీసుకున్నా.

సినిమా పాట పాడితే పని సులువు. ఇళయరాజా పాట ఎత్తుకుంటే సగం గది మనతోనే పాడుతుంది, మన గొంతు ఎలా ఉన్నా కప్పేసుకుపోతుంది. నేను ఎనిమిది నెలలు అవే పాడాను. సొంత పాట పాడాలంటే భయం వేరే రకం. సినిమా పాట నచ్చకపోతే నువ్వు బాగా పాడలేదంటారు. సొంత పాట నచ్చకపోతే ఇక దాచుకోవడానికి ఏమీ ఉండదు. పైగా నా పాట మా భాషలో ఉంటుంది. యాసలో పాట అంటే జానపదం అయినా ఉండాలి, కామెడీ అయినా ఉండాలి అని యూట్యూబ్ మనందరికీ నేర్పేసింది. మెల్లగా, గిటార్ మీద, "గట్లనే", "ఎటువోయినవ్" అని పాడితే జనం నవ్వాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

నా పాట మిల్లు హమాలీ మీద. రాత్రి షిఫ్టు అయిపోయాక పత్తి కుప్ప మీదే పడుకునే మనిషి, తెల్లారి జుట్టు నిండా దూదితో ముసలోడిలా లేస్తాడు. అంతే కథ. మొదటిసారి పాడినప్పుడు రెండు చోట్ల నవ్వారు. నేను నవ్వు కోసం రాయని చోట్ల. మూడో చరణంలో నవ్వులేదు. అయిపోయాక చప్పట్లు కూడా పెద్దగా లేవు. గ్లాసులు తీసుకుపోయే పిల్లగాడు మాత్రం నా దగ్గరకొచ్చి "అన్నా, మా నాయిన గూడ గట్లనే లేస్తడు" అన్నాడు. వాళ్ల నాయన ఏ మిల్లు అని అడిగా. మాదే. కాంటా చిట్టీల మీద నేను రోజూ రాసే పేరే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ఈ కాలమ్ రాయడానికి కారణం ఒక కిక్రీ.

మొన్న డిసెంబర్‌లో నోట్‌బుక్‌లో ఆరో పేరు ఒక కొత్త కుర్రాడిది. ఉట్నూర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ డిగ్రీ చదువుతున్నాడు. తోటి కులం. తువ్వాలలో చుట్టి తాత కిక్రీ తెచ్చాడు. మీలో చాలామంది కిన్నెర మొగులయ్య గారిని చూసి ఉంటారు, 'భీమ్లా నాయక్' పాటలో. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయనది పాలమూరు వైపు కిన్నెర, పన్నెండు మెట్లది, వేళ్లతో మీటేది. కిక్రీ వేరు. మూడు తీగలు, తోలు మూసిన పొట్ట, విల్లుతో రాస్తారు. సారంగికి అడవిలో పెరిగిన తమ్ముడనుకోండి. మా జిల్లాలో గోండుల వంశ కథలు పాడేది ప్రధాన్లు, తోటీలు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు అని సగలు, ఏ సగ వాళ్ల దేవుడి కథ వాళ్లకు ఉంటుంది, ఆ కథ ఎవరి ఇంట్లో ఎవరు పాడాలో కూడా లెక్క ఉంటుంది. కేస్లాపూర్ నాగోబా జాతర పుష్య అమావాస్యకు జరుగుతుంది కదా. మెస్రం వంశం వాళ్లు కాలినడకన వెళ్లి హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు తెచ్చి పూజ చేస్తారు, అక్కడ కిక్రీ మోగితేనే కథ కదులుతుంది. మనం స్టేజీ షోలో పది నిమిషాల్లో చూసే గుస్సాడీ కూడా అంతే, వాళ్ల ఊళ్లలో దీపావళి ముందు దండారి బృందాలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చుట్టాల్లా వెళ్లి, రాత్రంతా ఆడి, తిని, పొద్దున సాగనంపితే కదులుతాయి. మార్లవాయి కనకరాజు గారికి 2021లో గుస్సాడీకే పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబర్‌లో ఆయన పోయారు.

అసలు ఆదిలాబాద్‌లో అన్నిటికంటే పాత ఓపెన్ మైక్ నాగోబా దర్బార్ అని నాకనిపిస్తుంది. కొమురం భీం పోయాక నిజాం సర్కారు గోండుల పరిస్థితి చూడమని హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. ఆయన మార్లవాయిలో ఉన్నాడు, 1940ల్లో జాతర దగ్గరే అధికారులను కూర్చోబెట్టి జనం గోడు వినే పద్ధతి మొదలైంది. ఇప్పటికీ జరుగుతుంది. భూమి పట్టా గురించో, రోడ్డు గురించో, ఎవరైనా లేచి కలెక్టర్ ముందు చెప్పొచ్చు. పన్నెండు నిమిషాలు మాత్రం దొరకవనుకోండి.

కుర్రాడి దగ్గరికి వద్దాం. స్టేజీ ఎక్కాక సౌండ్ అన్నకు మైక్ ఎక్కడ పెట్టాలో తెలియలేదు. గొంతు దగ్గర పెడితే కిక్రీ వినపడదు, కిక్రీ పొట్ట దగ్గర పెడితే విల్లు రాపిడి తప్ప ఇంకేం రాదు. ఎకో నాబ్ మీద చెయ్యి పోయింది. కుర్రాడు మెల్లగా "అన్నా, మైక్ బంద్ చెయ్యుండ్రి. ఫ్యాను గూడ" అన్నాడు. డిసెంబర్‌లో ఫ్యాన్ ఎందుకుందో నాకూ తెలియదు. రెండూ ఆపేశారు. అప్పుడు ఇంకో మాట అన్నాడు. "ఇది మా పటేళ్ల ఇంట్ల పాడేది. ఈడ పాడచ్చునా అని మా తాతను అడిగిన. దేవుని ముచ్చట లేని ముక్కనే పాడుమన్నడు. ఫోన్ల తియ్యద్దన్నడు."

తర్వాత పాడాడు. గోండి భాష. నాకు పది మాటలు తెలుసేమో. ముందు కిక్రీ ఒక వాక్యం అంటుంది, వెనకాల గొంతు అదే వాక్యానికి మాటలు తొడుగుతుంది, మళ్లీ కిక్రీ. రెండూ కొట్లాడుకోవు, ఒకటి ఎక్కడ ఆగుతుందో ఇంకోదానికి తెలుసు. నేను గిటార్ కొడుతూ పాడితే గిటార్ నా వెనక నడుస్తుంది. ఇక్కడ వాయిద్యం ముందు నడుస్తోంది, కథ దానికే ఎక్కువ తెలిసినట్టు. మెడికో ఒకడు డ్యూటీకి లేవాల్సినవాడు, లేచి గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. కిరాణా కాకా కళ్లు మూసుకున్నాడు. పన్నెండు నిమిషాలు అయిపోయాయి. అందరం ఒక్కసారి కౌంటర్ వైపు చూశాం. కేఫ్ అన్న చేతిలో చెంచా ఉంది, గ్లాసు ఉంది, కొట్టలేదు. ఇరవై, ముప్పై అయింది. తర్వాత ముగ్గురి పేర్లున్నాయి నోట్‌బుక్‌లో. వాళ్లు కూడా ఏమనలేదు. నలభై నిమిషాల దగ్గర కుర్రాడే ఆగి, "ఇది కథకు మొదలు మాత్రమే. మిగిలింది తాతకొస్తది, నాకు రాదు" అని దిగిపోయాడు.

ఆ రాత్రి అక్కడితో అయిపోతే బాగుండేది.

తెల్లారేసరికి రీల్ వచ్చేసింది. వెనక వరసలో ఎవరో తీశారు. ముప్పై సెకన్లు, కింద బీట్ కలిపారు, పైన "ట్రైబల్ వైబ్స్" అని అక్షరాలు, పక్కన నెమలి ఈకల బొమ్మ. కిక్రీకి నెమలి ఈకలకు సంబంధం ఏంటో ఆ పెట్టినాయనకే తెలియాలి. మా గ్రూపులో సగం మంది సంతోషంగా షేర్ చేశారు, "మన ఆదిలాబాద్ టాలెంట్" అని. నిజంగా సంతోషమే వాళ్లది, దాన్ని నేను తీసిపారెయ్యను. కుర్రాడు మాత్రం గ్రూపులో ఒకే ఒక్క మెసేజ్ పెట్టాడు. "తాత సూసిండు. తియ్యుండ్రి." అంతే.

దాని మీద రెండు రోజులు పెద్ద చర్చ. "పబ్లిక్ ప్లేస్‌ల పాడినంక తీస్తే తప్పేంది" అన్నారు కొందరు. "గిట్ల తీస్తేనే గద కల బతికేది, ఎవరు రికార్డు చెయ్యకుంటే తాతతోనే పోతది" అన్నాడు మెడికో. ఆ మాట గట్టిదే. హైమన్‌డార్ఫ్ అప్పుడు కెమెరా పట్టుకుని తిరగకపోతే మార్లవాయి పాత మొహాలు ఈరోజు మనకు కనిపించేవి కావు, ఆ ఫొటోలు లండన్ సోయాస్‌లో ఉండేవీ కావు. కానీ ఆయన వాళ్ల ఊళ్లో ఏళ్ల తరబడి ఉండి, వాళ్ల భాష నేర్చుకుని తీశాడు. ఆయనా, ఆయన భార్య బెట్టీ సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి. వెనక వరసలో కూర్చుని, వద్దన్నాక జూమ్ చేసి తీయడం వేరు. నేను అదే రాశాను గ్రూపులో. రికార్డు చేయడం మీద నాకు గొడవ లేదు. ఏం రికార్డు చేయాలో, ఎవరి చేతిలో ఉండాలో పాడేవాళ్ల ఇంటివాళ్లు చెప్పాలి. మన పెళ్లి వీడియోలో అమ్మ ఏడ్చే క్లిప్ ఎవడైనా తీసి బీట్ వేసి పెడితే ఊరుకుంటామా? నా హమాలీ పాటను ఎవరైనా రీల్ చేసుకుంటే నాకు పండగే, అది నా పాట కాబట్టి నేను అలా అనగలను. ఆ కుర్రాడు పాడింది అతనొక్కడిది కాదు. అతను అడగాల్సిన తాత ఉన్నాడు, తాత అడగాల్సిన పటేల్ ఉన్నాడు, పటేల్‌కు దేవుడున్నాడు. ఇంత పెద్ద కాపీరైట్ ఏ రికార్డు కంపెనీకి ఉంది చెప్పండి!

రీల్ మూడో రోజు తీసేశారు. తీసినాయన గ్రూపులోంచి కూడా వెళ్లిపోయాడు, ఎవరో నేను కనుక్కోలేదు. అప్పటికే ఇంకెందరో డౌన్‌లోడ్ చేసుకుని ఉంటారు. జనవరిలో కుర్రాడు రాలేదు. నోట్‌బుక్‌లో అతని పేరు కోసం నేను రెండుసార్లు మెట్లు దిగి చూసొచ్చా. ఆ నెల ఎవరు పాడినా ఎందుకో పాట మీద పాట పడ్డట్టే ఉంది. కేఫ్ అన్న కొత్త పద్ధతి పెట్టాడు. పేరు పక్కన ఇంకో గడి, 'ఫోన్' అని. పాడేవాళ్లు అందులో టిక్ పెడితేనే వీడియో తీయాలి. ఇంటూ పెడితే, అందరి ఫోన్లు చాయ్ ట్రేలోకి. ముందు జనం గునిగారు. ట్రేలో ఇరవై ఫోన్లు ఒకదాని మీద ఒకటి పడుకుని వైబ్రేట్ అవుతుంటే అదో సంగీతం. ఒక్క మార్పు మాత్రం కళ్లారా చూశా. ఇంటూ పెట్టిన వాళ్ల పాటప్పుడు జనం ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటున్నారు. చెయ్యికి పని లేదు మరి. ఉర్దూ మాస్టారు కావాలనే ప్రతి నెలా ఇంటూ పెడుతున్నారు.

అన్న దగ్గర ఇంకో లెక్క కూడా ఉంది, అది చెప్పకపోతే మీకు అంతా పండగలాగే కనిపిస్తుంది. ముప్పై ఐదు కుర్చీలు, ముప్పై ఐదు చాయ్‌లు, ఇరవై చొప్పున 700. సౌండ్ అన్నకు 500. కరెంటు, పాలు, పిల్లగాడి జీతం. అదే శనివారం బర్త్‌డే పార్టీకి మేడ ఇస్తే వచ్చేది దీనికి పదింతలు. ఎండాకాలం నుంచి కరోకే పెడతా, దానికి జనం వస్తారు అంటున్నాడు. కాదనడానికి నా దగ్గర మాట లేదు. మేమంతా తలా వంద వేసుకుని సౌండ్ ఖర్చు మేమే పెట్టుకుంటామన్నాం. చూద్దామన్నాడు. గ్లాసు మీద చెంచాతో మాత్రం నేనే కొడతా, అది ఎవరికీ ఇవ్వనన్నాడు.

పోయిన వారం కుర్రాడి నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల కోళ్ల చప్పుడు, ఎవరో దగ్గుతున్న చప్పుడు. "అన్నా, మా తాత మాట్లాడుమంటుండు. గా దూది పాట పాడిన పోరడెవరో గాన్ని తోల్కరా అంటుండు. నేను ఫోన్ల పాడి వినిపించిన నీ పాట, నీకు చెప్పలె." మధ్యలో తాత గోండిలో ఏదో గట్టిగా అన్నాడు. కుర్రాడు నవ్వి చెప్పాడు. "కథ మిగిలింది వినాల్నంటే రాత్రికి ఉండాలెనట. డబ్బ తెచ్చుకోవచ్చునట. మైకు తేవద్దట."

తాత కూడా దాన్ని డబ్బ అనే అన్నాడో, కుర్రాడే అలా తెలుగు చేశాడో అడగాలి. మిల్లులో సీజన్ ఇంకా మూడు వారాలుంది. మేనేజర్ సార్‌ను రెండు రోజుల సెలవు అడిగాను, లారీలు తగ్గనీ అన్నాడు. తడి స్పాంజి మార్చి పెట్టుకున్నా.